గోల్కొండ సుల్తానుల వెనక ఉన్న నల్లగొర్రెల కూటమి: ఎలా పుట్టింది, ఎందుకు చెదిరింది

గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీలు ఎవరన్న చర్చ లేచిన ప్రతిసారీ మూడు జవాబులు వినిపిస్తాయి. తుర్కులని ఒకరు, పర్షియన్లని ఒకరు, ఇరాన్ నుంచి వచ్చిన షియాలని ఇంకొకరు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది, ఏ ఒక్కటీ పూర్తి కాదు. 'తురక' అన్న మాట తెలుగులో ఎప్పుడో మతాన్ని సూచించే మాటగా మారిపోయింది. అందుకే తుర్కుల్లోనే ఉన్న తెగల తేడాలు మన చరిత్ర పాఠాల్లో కనిపించవు. ఈ వంశం తన మూలమని చెప్పుకున్నది 'కరా కొయున్లు' అనే కూటమిని. 14వ శతాబ్దం చివర్లో ఇప్పటి తూర్పు టర్కీలోని వాన్ సరస్సు ఒడ్డున తలెత్తి, ఒక దశలో ఇప్పటి ఇరాక్ నుంచి అఫ్ఘానిస్తాన్‌లోని హెరాత్ దాకా చెయ్యి చాచి, 1469 నాటికి మాయమైన కూటమి అది. దాని నిర్మాణం తెలిస్తే తప్ప గోల్కొండ దాకా వచ్చిన దారి అర్థం కాదు.

## పేరులో ఏముంది

తుర్కీ భాషలో 'కరా' అంటే నల్ల, 'కొయున్' అంటే గొర్రె. చివరి 'లు' మన బహువచనం కాదు. 'కలిగినవారు', 'ఫలానా చోటివారు' అని చెప్పే తుర్కీ ప్రత్యయం. కాబట్టి కరా కొయున్లు అంటే 'నల్లగొర్రెలు గలవాళ్లు'. వీళ్ల ప్రత్యర్థులు అక్ కొయున్లు, అంటే తెల్లగొర్రెలు గలవాళ్లు. షామ్‌లు అంటే షామ్ (సిరియా) ప్రాంతం వాళ్లు, బహార్లు అంటే బహార్ అనే చోటి వాళ్లు. ఈ ఒక్క ప్రత్యయం పట్టుబడితే ఆ కాలపు తెగల పేర్లు సగం వాటంతటవే విడిపోతాయి.

గొర్రె ఎందుకన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. మందల రంగును బట్టి వచ్చిందని ఒక వాదం. జెండా మీది గుర్తని మరొకటి. తెగ పూజించే కులచిహ్నమని ఇంకొకటి. మూడోదానికి ఒక చిక్కుంది: పాత తుర్కీ ఆచారంలో చిహ్నమైన ప్రాణిని తినకూడదు. గొర్రెమాంసం తినకుండా ఈ పశుపాలకులకు రోజు గడవదు. తూర్పు అనటోలియా, అజర్‌బైజాన్, ఆర్మేనియాల్లో పొట్టేలు ఆకారంలో చెక్కిన సమాధి రాళ్లు నేటికీ ఉన్నాయి. గొర్రెకు వాళ్ల మనసులో గౌరవస్థానం ఉండేదని వాటిని బట్టి తెలుస్తుంది, అంతకుమించి తేల్చలేం. నాకు మందల వాదమే సహజంగా తోస్తుంది.

'తుర్కోమాన్' అన్న మాట ఇంకో గందరగోళానికి మూలం. ఇస్లాం తీసుకున్న ఓగుజ్ తుర్కు తెగలకు మధ్యయుగాల్లో వాడిన పేరు ఇది. 11వ శతాబ్దంలో సెల్జుకులతోనూ, 13వ శతాబ్దంలో మంగోలుల ఒత్తిడి వల్లా వీళ్లు మధ్య ఆసియా నుంచి పడమటికి వచ్చారు. నేటి తుర్క్‌మెనిస్తాన్ దేశానికీ కరా కొయున్లుకూ నేరు సంబంధం లేదు. వీళ్లు మాట్లాడిన భాష ఇప్పటి అజర్‌బైజానీకి దగ్గర.

## కూటమి అంటే రాజ్యమూ కాదు, ఒక్క తెగా కాదు

అట్టడుగున గుడారం ఉంటుంది, అంటే ఒక కుటుంబం. కొన్ని గుడారాలు కలిసి మేసే బిడారం 'ఓబా'. అలాంటి బిడారాలు చాలా కలిస్తే తెగ, దానికొక బేగ్, అంటే నాయకుడు. పలు తెగలు ఒక నాయక వంశాన్ని ఒప్పుకుని కలిసి నడిస్తే కూటమి. కరా కొయున్లులో నాయక వంశం బహార్లు తెగది. దీన్నే బారానీ అని కూడా అంటారు. దాని చుట్టూ సాద్‌లు, కరమాన్లు, దుహార్లు, జాగిర్లు, అల్పావుత్ వంటి తెగలు చేరాయి. సాద్‌లుల పేరు మీదే యెరెవాన్ ప్రాంతానికి 'చుఖుర్-ఎ సాద్' అన్న పేరు వచ్చింది. కొందరు కుర్దు ప్రభువులు కూడా అవసరాన్ని బట్టి వీళ్లతో నడిచారు.

వీళ్లను కట్టి ఉంచింది మొదట మేత, తర్వాత దోపిడీలో వాటా, ఆ పైన పెళ్లి సంబంధాలు. మేత సంగతి లెక్కతో చూద్దాం. వాన్ సరస్సు సముద్రమట్టానికి దాదాపు 1,640 మీటర్ల ఎత్తున ఉంది. ఇప్పటి ఇరాక్‌లోని మోసుల్ దాదాపు 220 మీటర్లు. తేడా 1,400 మీటర్ల పైమాటే. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి ఎత్తు తేడా ఒక్కటే దాదాపు 9 డిగ్రీల చలి తెస్తుంది. ఉత్తరానికి ఉండడం వల్ల వచ్చేది అదనం. చలికాలంలో వాన్ చుట్టూ మంచు కప్పేస్తే మందకు గడ్డిపోచ దొరకదు. ఎండాకాలంలో మోసుల్ మైదానం మాడిపోతుంది. అందుకే వేసవి మేతభూమి 'యైలాక్', చలికాలపు మేతభూమి 'కిష్లాక్' రెండూ చేతిలో ఉండాలి. వాటి మధ్య కనుమలూ చేతిలో ఉండాలి. ఏ ఒక్కటి పోయినా మంద చస్తుంది, మంద చస్తే తెగ వేరే నాయకుణ్ని వెతుక్కుంటుంది.

నాయకుడి అసలు పని మేతభూముల్ని పంచడం, తగాదాలు తీర్చడం, ఏటా ఎంతో కొంత దోపిడీ సంపాదించి పెట్టడం. ఇవి చేస్తున్నంత కాలం తెగలు ఉంటాయి. చేయలేనప్పుడు గుడారాలు పీక్కుని పక్కవాడి దగ్గరికి పోతాయి. తెల్లగొర్రెల నుంచి నల్లగొర్రెలకూ, ఇటు నుంచి అటూ బేగులు మారడం అప్పట్లో ఘోరమైన ద్రోహమేమీ కాదు, మామూలు వ్యవహారం.

## జలాయిరీల సామంతుల నుంచి సొంత గద్దె దాకా

మంగోలు ఇల్ఖానుల సామ్రాజ్యం 1335 తర్వాత ముక్కలైంది. బాగ్దాద్, వాయవ్య ఇరాన్‌లోని తబ్రీజ్ జలాయిరీ వంశం చేతికి వచ్చాయి. కరా కొయున్లు తొలి నాయకుడు బైరం ఖ్వాజా (మరణం 1380) ఆ జలాయిరీలకు సామంతుడు. వాన్ సరస్సు ఉత్తరపు ఒడ్డున ఉన్న ఎర్జిష్ అతని వంశానికి పట్టుగొమ్మ. అతని తర్వాతి నాయకుడు కరా మహమ్మద్, సుల్తాన్ అహ్మద్ జలాయిర్ గద్దె నిలబెట్టుకోవడానికి తోడ్పడ్డాడు. 1387లో మధ్య ఆసియా నుంచి దండెత్తిన తైమూరు సేన వస్తే కొండల్లోకి జారుకుని చిక్కకుండా తప్పించుకున్నాడు. 1389లో తుర్కోమాన్ల అంతఃకలహంలోనే చనిపోయాడు.

అసలు కథ అతని కొడుకు కరా యూసుఫ్‌తో మొదలవుతుంది. తైమూరు ధాటికి ఆగలేక అతను ఒట్టోమన్ సుల్తాన్ బాయెజీద్ దగ్గర తలదాచుకున్నాడు. అతణ్ని అప్పగించమని తైమూరు అడగడం, బాయెజీద్ కాదనడం 1402 అంకారా యుద్ధానికి దారితీసిన కారణాల్లో ఒకటి. తర్వాత ఈజిప్టు మమ్లూకులు ఏలే సిరియాకు పారిపోతే అక్కడివాళ్లు తైమూరుకు భయపడి డమాస్కస్‌లో ఖైదు చేశారు. అదే ఖైదులో అహ్మద్ జలాయిర్ కూడా ఉన్నాడు. యూసుఫ్‌కు అక్కడే పుట్టిన కొడుకు పీర్ బుదాక్‌ను అహ్మద్ దత్తత తీసుకున్నాడు. బాగ్దాద్ అహ్మద్‌కు, తబ్రీజ్ యూసుఫ్‌కు అని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు.

1405లో తైమూరు చనిపోయాడు, వీళ్లు బయటపడ్డారు. 1406లో నఖ్‌చివాన్ దగ్గర తైమూరు మనవడు అబూబకర్‌ను యూసుఫ్ ఓడించాడు. 1408లో తబ్రీజ్ సమీపాన సర్దరూద్ యుద్ధంలో తైమూరు కొడుకు మీరాన్ షా హతుడయ్యాడు. 1410లో అహ్మద్ ఒప్పందం మీరి తబ్రీజ్ మీదికి వచ్చి ఓడి ప్రాణం పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడు బాగ్దాద్ కూడా వీళ్లదైంది.

ఆ దత్తత ఇప్పుడు అక్కరకొచ్చింది. ఆ కాలపు ఆలోచనలో ఖాన్‌గా రాజ్యం చేసే హక్కు చెంఘిజ్ ఖాన్ రక్తానిదో, దానితో ముడిపడిన ఇంటిదో. గొర్రెలకాపరుల నాయకుడైన యూసుఫ్‌కు అది లేదు. అతను తాను గద్దె ఎక్కకుండా, అహ్మద్ జలాయిర్ దత్తపుత్రుడన్న హోదాతో పీర్ బుదాక్‌ను కూర్చోబెట్టాడు. నాణేల మీద కొడుకు పేరు సుల్తానుగా, తండ్రి పేరు అతని సేనానిగా వచ్చాయి. కత్తి తండ్రిది, పేరు కొడుకుది. పీర్ బుదాక్ 1418లో, తండ్రి బతికుండగానే పోయాడు.

1420 నవంబరులో తైమూరు మరో కొడుకు షారుఖ్ ఖురాసాన్ నుంచి దండెత్తి వస్తుంటే, ఎదుర్కోవడానికి బయలుదేరిన యూసుఫ్ దారిలో జబ్బుతో చనిపోయాడు. సైన్యం ఆ పూటే చెదిరింది. ఖజానా దోచుకున్నారు, శవాన్ని అలాగే వదిలేశారు, పోగుల కోసం చెవులు కూడా కోశారని చరిత్రకారులు రాశారు. క్రూరంగా తోస్తుంది, కానీ ఆ తెగలు ఒప్పుకున్నది ఒక మనిషి నాయకత్వాన్ని. ఆ మనిషి పోయాక, ఇంకొకరు నిలబడేదాకా, వాళ్ల లెక్కలో కూటమి లేనట్టే.

## అన్నదమ్ముల వాటాలు, షారుఖ్ ఎత్తు

తెగల దృష్టిలో రాజ్యం నాయక వంశమంతటికీ ఉమ్మడి ఆస్తి. పెద్దకొడుకుకే గద్దె అన్న నియమం లేదు. కాబట్టి ప్రతి మరణం తర్వాతా అన్నదమ్ములు, బాబాయి అబ్బాయిలు కొట్టుకోవాల్సిందే. యూసుఫ్ కొడుకుల్లో ఇస్కందర్ అందరికన్నా మొండివాడు. షారుఖ్ మూడుసార్లు (1420, 1429, 1434లలో మొదలైన దండయాత్రలతో) అజర్‌బైజాన్‌కు వచ్చి గెలిచాడు. అతను వెనుదిరిగిన ప్రతిసారీ ఇస్కందర్ తిరిగొచ్చాడు. దాంతో షారుఖ్ ఇస్కందర్ తమ్ముళ్లను చేరదీశాడు. మొదట అబూ సయీద్‌ను నిలబెడితే ఇస్కందర్ చంపేశాడు. తర్వాత జహాన్ షాను నిలబెట్టాడు, అది పారింది. ఇస్కందర్ 1438లో అలింజా కోటలో సొంత కొడుకు చేతిలో హతుడయ్యాడు.

జహాన్ షా దాదాపు 30 ఏళ్లు ఏలాడు. 1447లో షారుఖ్ పోయేదాకా విధేయుడిగా ఉండి, ఆ తర్వాత కజ్వీన్, ఇస్ఫహాన్, ఫార్స్, కిర్మాన్ కలుపుకున్నాడు. 'హకీకీ' అన్న కలంపేరుతో తుర్కీ, ఫార్సీల్లో కవిత్వం రాశాడు. 1465 నాటి తబ్రీజ్ నీలి మసీదు అతని కాలపు కట్టడం. 1441లో ఆర్మేనియన్ క్రైస్తవ పీఠం సిస్ నుంచి ఎచ్మియాద్జిన్‌కు మారింది కూడా ఈయన ఏలుబడిలోనే. అంతకు ముందు ఇస్కందర్ కాలంలో తమ పల్లెలు ఎలా నాశనమయ్యాయో వాన్ సరస్సు ఉత్తరాన మెత్సోప్ మఠంలోని తొవ్మా అనే సన్యాసి రాసిపెట్టాడు. కరా కొయున్లును పొగిడే ఫార్సీ పద్యాలు చదివేవాళ్లు ఆ ఆర్మేనియన్ రాతలు కూడా పక్కన పెట్టుకోవాలి. మంద నడిచిన చేను ఎవరిదో అందులో ఉంటుంది.

1458లో జహాన్ షా ఏకంగా హెరాత్ పట్టాడు. తబ్రీజ్ నుంచి అది నేరుగా కొలిచినా దాదాపు 1,500 కిలోమీటర్లు. సైన్యం రోజుకు 25 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే రెండు నెలల దారి. ఈలోగా ఖైదులో ఉన్న కొడుకు హసన్ అలీ తప్పించుకుని అజర్‌బైజాన్‌లో తిరగబడ్డాడు. కబురు అంది, బయలుదేరి, ఇల్లు చేరేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. జహాన్ షా తైమూరీ సుల్తాన్ అబూ సయీద్‌తో (ఇస్కందర్ చంపినవాడు వేరు) రాజీపడి దాదాపు ఆరు నెలలకే హెరాత్ వదిలేశాడు. ఆ తర్వాత బాగ్దాద్‌లో మరో కొడుకు పీర్ బుదాక్ తిరగబడితే (డమాస్కస్‌లో పుట్టినవాడు వేరు) ఏడాదికి పైగా ముట్టడించాడు. 1466లో కోట లొంగింది, కొడుకును చంపించారు. ఉమ్మడి ఆస్తి పద్ధతిలో రాజ్యం పెరిగేకొద్దీ వాటా అడిగే చేతులూ పెరుగుతాయి.

## 1467: మేత క్యాలెండర్ తీసిన ప్రాణం

తెల్లగొర్రెల నాయకుడు ఉజున్ హసన్‌ను అణచాలని జహాన్ షా 1467 వేసవిలో పెద్ద సైన్యంతో వాన్‌కు పడమట ఉన్న ముష్ మైదానంలో దిగాడు. ఉజున్ హసన్ నేరు యుద్ధానికి రాలేదు. రాయబారాలతో కాలం గడిపాడు. అక్టోబరు వచ్చింది. ఇక్కడ మేత లెక్క గుర్తు చేసుకోవాలి. ఆ సైనికులు జీతగాళ్లు కారు, మందలున్న కాపరులు. మంచు పడకముందే కిందికి దిగకపోతే మంద పోతుంది. వాళ్లను ఆపడం రాజు వల్ల కూడా కాదు. జహాన్ షా సైన్యాన్ని చలికాలపు నెలవులకు పంపేసి కొద్దిమందితో మిగిలాడు. ఉజున్ హసన్ ఎదురుచూసిన గడియ అదే. ఇప్పటి బింగోల్ ప్రాంతంలో, మెరుపుదాడిలో జహాన్ షా చనిపోయాడు.

హసన్ అలీ ఖజానా బద్దలుకొట్టి సైన్యానికి పంచాడు, అయినా తెగలు నిలవలేదు. చాలామంది బేగులు ఉజున్ హసన్ పక్షాన చేరారు. 1469 నాటికి కరా కొయున్లు రాజ్యం లేదు. తెగలు మాత్రం ఉన్నాయి: కొన్ని అక్ కొయున్లులో, కొన్ని ఆ తర్వాత ఇరాన్‌ను ఏలిన సఫవీల కిజిల్‌బాష్ దళాల్లో, కొన్ని హమదాన్ చుట్టూ. బహార్లు బేగ్ అలీ షుకర్ పేరుతో హమదాన్ ప్రాంతాన్ని చాలాకాలం 'కలమ్‌రవ్-ఎ అలీ షుకర్' అని పిలిచారు.

## వీళ్లు షియాలా?

అవునన్న పక్షానికి ఆధారాలున్నాయి. యూసుఫ్ కొడుకు ఇస్పంద్ బాగ్దాద్‌లో షియాల్లోని పన్నెండు ఇమాముల శాఖను అధికారికం చేశాడు. జహాన్ షా నాణేల మీద 'అలీ దేవుని మిత్రుడు' అన్న షియా వాక్యం ఉంది. కాదన్న పక్షం అదే నాణెం తిప్పి చూపిస్తుంది: రెండో వైపు సున్నీలు గౌరవించే నలుగురు ఖలీఫాల పేర్లుంటాయి. జహాన్ షాను మతభ్రష్టుడని రాసినవాళ్లలో ఎక్కువమంది అతని శత్రువుల కొలువుల్లోనివాళ్లు.

రాజకీయాన్ని చూస్తే ముడి ఇంకా బిగుస్తుంది. అర్దబీల్‌లోని సఫవీ పీఠానికి చెందిన షేక్ జునైద్‌ను వెళ్లగొట్టింది 'షియా' అనుకునే జహాన్ షా. అతనికి ఆశ్రయమిచ్చి చెల్లెలు ఖదీజా బేగంనిచ్చి పెళ్లి చేసింది 'సున్నీ' అనుకునే ఉజున్ హసన్. ఇరాన్‌ను షియా దేశంగా మార్చిన షా ఇస్మాయిల్ ఆ జునైద్ మనవడే. 15వ శతాబ్దపు తుర్కోమాన్లకు అలీ మీద భక్తి, సూఫీ గురువుల మీద గురి ఉండేవి. తర్వాతి కాలపు గట్టి గీతలు ఇంకా పడలేదు. జహాన్ షాను ఒక గడిలో ఇరికించడం కన్నా అతని నాణేన్ని రెండు వైపులా చదవడమే న్యాయం.

## గోల్కొండ వంశవృక్షాన్ని లెక్కేసి చూస్తే

కుతుబ్ షాహీ చరిత్రలు చెప్పే వరస ఇది: కరా యూసుఫ్, అతని కొడుకు ఇస్కందర్, ఆపైన అల్వంద్, పీర్ కులీ, ఉవైస్ కులీ, సుల్తాన్ కులీ. ('కులీ' అంటే తుర్కీలో సేవకుడు, మన కూలీతో కలపకూడదు.) హమదాన్ దగ్గర పుట్టిన సుల్తాన్ కులీ, అక్ కొయున్లు పాలకుడు యాకూబ్ (1478–1490) తన వంశాన్ని అనుమానిస్తున్నాడని దక్కనుకు వచ్చాడని ఆ చరిత్రలే చెబుతాయి.

కొలువుల్లో రాయించుకున్న వంశవృక్షాలను సులభంగా నమ్మకూడదన్నది ఒక అభిప్రాయం. మినోర్‌స్కీ వంటి తుర్కోమాన్ చరిత్ర నిపుణులు మాత్రం దీన్ని గంభీరంగానే తీసుకున్నారు. ఇస్కందర్‌కు అల్వంద్ అనే కొడుకు ఉండడం, అతను జహాన్ షాపై తిరగబడి తెల్లగొర్రెల పంచన చేరడం వేరే ఆధారాల్లోనూ ఉంది. కాలం సరిపోతుందా? ఇస్కందర్ 1390 ప్రాంతంలో పుట్టాడనుకుందాం. అతని నుంచి సుల్తాన్ కులీకి నాలుగు తరాలు. తరానికి 25 ఏళ్లు వేస్తే 1490లో పుట్టాలి. అది అసాధ్యం, అప్పటికే అతను బహమనీ కొలువులో ఉన్నాడు. 20 వేస్తే 1470, 18 వేస్తే 1462. అంటే 1543లో చనిపోయేనాటికి 73 నుంచి 81 ఏళ్లు. అప్పటికి తొంభై దాటాయని చెప్పే మాట నిజం కావాలంటే, చాంద్రమాన సంవత్సరాలుగా తీసుకున్నా, ప్రతి తరంలోనూ దాదాపు 16 ఏళ్లకే కొడుకు పుట్టాలి. వంశవృక్షం నిలుస్తుంది కానీ వయసే కాస్త పెరిగినట్టుంది.

బహమనీల రాజధాని బీదర్‌లో అప్పుడు పరదేశీలైన 'ఆఫాకీ'లకూ స్థానిక 'దక్కనీ'లకూ పడేది కాదు. 1487లో సుల్తాన్ మహమూద్ షా మీద జరిగిన హత్యాయత్నాన్ని అడ్డుకున్నవాళ్లలో సుల్తాన్ కులీ ఒకడు. తర్వాత కుతుబుల్ ముల్క్ బిరుదు, 1496 ప్రాంతంలో తెలంగాణ తరఫ్ (బహమనీల రాష్ట్రం) అధికారం వచ్చాయి. 1518లో స్వతంత్రం ప్రకటించుకున్నాడని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. కానీ అదే ఏడు గోల్కొండలో అతను కట్టించిన జామీ మసీదు శాసనంలో ప్రభువుగా ఉన్నది మహమూద్ షా బహమనీ పేరు. సమాధి రాతి మీద కూడా 'షా' అని లేదు, 'మాలిక్' అనే ఉంది. చేతిలో అధికారం ఉంచుకుని పేరు మాత్రం పాత ఇంటిది వాడుకోవడం అతని ముత్తాత తాత తబ్రీజ్‌లో చేసిన పనే. ఇంట్లో విని నేర్చిందో, పరిస్థితి నేర్పిందో గానీ, పోలిక మాత్రం కొట్టొచ్చినట్టుంది.

కొడుకులు కొట్టుకోవడం కూడా కొనసాగింది. ముసలి సుల్తాన్ కులీని 1543లో నమాజులో ఉండగా చంపించింది కొడుకు జంషీద్. చిన్నవాడు ఇబ్రహీం పారిపోయి విజయనగరంలో ఏడేళ్లు తలదాచుకుని, 1550లో తిరిగొచ్చి గద్దె ఎక్కాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నది ఈయన్నే; అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చింది ఈయనకే.

కూటమిలోని మరో పాయ ఉత్తరాన మొగలుల దగ్గర చేరింది. అక్బరు సంరక్షకుడు బైరం ఖాన్ హమదాన్ అలీ షుకర్ బేగ్ వంశం వాడు, అంటే బహార్లు. అతని కొడుకు అబ్దుర్రహీం ఖాన్-ఎ-ఖానాన్ 1597లో మొగలు సేనతో దక్కనుకు దిగి గోదావరి దగ్గర సోన్‌పేట వద్ద బీజాపూరు, అహ్మద్‌నగర్, గోల్కొండ ఉమ్మడి సైన్యాన్ని ఓడించాడు. అప్పుడు గోల్కొండ గద్దె మీద ఉన్నది చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ. ఒకప్పుడు వాన్ సరస్సు గట్టున ఒకే నాయకుడి కింద మందలు మేపిన వాళ్ల సంతతి, ఆ రోజు గోదావరి తీరాన చెరోవైపు ఉంది.